వ్యాయామం మానిన మర్నాడు ఫిట్‌నెస్ వాచీ ఏమంటుంది?

ఫిట్‌నెస్ వాచీల మీద వచ్చే సమీక్షలలో బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, ఎండలో తెర కనబడుతుందా, ఈతకు పనికివస్తుందా, గుండె వేగాన్ని సరిగా పట్టుకుంటుందా అన్న సంగతులన్నీ ఉంటాయి. అవి తెలుసుకోవలసినవే. అయితే ఒకసారి కొన్న వాచీ నెలల తరబడి మణికట్టు మీదనే ఉంటుంది, ఆ నెలలలో జ్వరం వస్తుంది, ఇంట్లో పెద్దవారికి సుస్తీ చేస్తుంది, ఉద్యోగంలో ఊపిరి సలపని వారాలు వస్తాయి, ఏ కారణమూ లేకుండానే ఒక రోజు గడప దాటబుద్ధి కాదు. లక్ష్యం చేరిన రోజున మెచ్చుకోని వాచీ అంటూ ఏదీ లేదు. చేరని రోజున, మరీ ముఖ్యంగా ఆ మర్నాడు పొద్దున, ఏ వాచీ ఎలా మాట్లాడుతుందన్న దానిలోనే తేడా బయటపడుతుంది. పేరున్న వాచీలను, ఉంగరాలను, వాటి యాప్‌లను ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని చూసి రాసిన సమీక్ష ఇది. తెర మెరుపు గురించి, పట్టీల రంగుల గురించి ఇందులో ఏమీ ఉండదు.

ఇది సున్నిత మనస్కులకు మాత్రమే పట్టే ప్రశ్న అని కొట్టిపారేయనక్కరలేదు. అమెరికా పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయకరుణను నిర్వచించి, దానిని కొలిచే ప్రశ్నావళిని కూడా ప్రచురించారు. ఆమె చెప్పినదాని ప్రకారం ఇందులో మూడు అంశాలు ఉన్నాయి. ఓటమి ఎదురైనప్పుడు తనను తాను తిట్టుకోకుండా ఆదరంగా చూసుకోవడం ఒకటి, ఇలాంటి తడబాటు మనుషులందరికీ ఉండేదేనని గుర్తించడం మరొకటి, జరిగినదానిని దాచకుండా, గోరంతలు కొండంతలు చేయకుండా, ఉన్నదున్నట్టు గమనించడం ఇంకొకటి. ఈ చివరి అంశాన్ని చాలామంది మరచిపోయి, తన మీద దయ అంటే తనకు తాను సాకులు చెప్పుకోవడమే అనుకుంటారు. నిజానికి నిన్న నడవలేదన్న సంగతిని స్వీయకరుణ కప్పిపుచ్చదు. ఆ ఒక్క సంగతిని పట్టుకుని మనిషి మొత్తానికి విలువ కట్టవద్దంటుంది, అంతే. వాచీకి కూడా ఇదే కొలత వర్తిస్తుంది: అది నిజం చెప్పాలి, ఆ చెప్పడంలో ఛీత్కారం ఉండకూడదు.

దయ చూపితే బద్ధకం పెరుగుతుందన్న భయానికి కూడా పరిశోధనలో జవాబు దొరుకుతుంది. జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకటి ఇది: కఠినమైన పరీక్షలో తప్పిన విద్యార్థులలో, తమ పట్ల దయగా ఆలోచించమని సూచన అందుకున్నవారు, ఆ తరువాతి పరీక్షకు మిగిలినవారికంటె ఎక్కువసేపు చదివారు. వ్యాయామానికి మరింత దగ్గరగా ఉన్న సాక్ష్యం 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. అమెరికాలోని ఒక జిమ్ సంస్థకు చెందిన 61,293 మంది సభ్యుల మీద, నాలుగేసి వారాలు సాగే 54 రకాల ప్రోత్సాహక పథకాలను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. వాటన్నిటిలోకీ ఎక్కువ ఫలితం ఇచ్చినది, ఒకసారి రావడం మానినవారు తిరిగి వచ్చినప్పుడు వారికి కొద్దిపాటి అదనపు బహుమతి ఇచ్చే పథకం. ఈ సంగతి తెలిసిన తరువాత వాచీల తీరు చూస్తే విచిత్రంగా ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం పతకాలన్నీ ఆగకుండా సాగినవారికే దాచి ఉంచుతాయి. ఆగి, మళ్లీ బయలుదేరినవారిని పలకరించవు కూడా.

ముందుగా రోజువారీ లక్ష్యం సంగతి చూద్దాం. చాలా బ్యాండ్లలో పెట్టె విప్పగానే మనకోసం సిద్ధంగా ఉండే అంకె 10,000 అడుగులు. ఈ అంకె వైద్య పరిశోధనలో పుట్టినది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన అడుగుల మీటరుతో పాటు అది ప్రచారంలోకి వచ్చింది. సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలను గమనించి ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచినవారితో పోలిస్తే సుమారు 4,400 అడుగులు నడిచినవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా కనబడింది. దాదాపు 7,500 అడుగుల దగ్గర ఆ ప్రయోజనం పెరగడం ఆగిపోయింది. అది కేవలం పరిశీలనాత్మక అధ్యయనం కాబట్టి నడక వల్లనే ఆయుస్సు పెరిగిందని అందులోంచి తేల్చి చెప్పలేము, వయసులో ఉన్నవారికి అదే అంకె వర్తిస్తుందనీ అనలేము. అయినా, 6,000 అడుగులు వేసిన ముసలమ్మకు పూర్తిగా నిండని గీతను చూపించి "ఇంకా 4,000 మిగిలాయి" అనే పరికరం, శాస్త్రం చెప్పిన దానికంటె కఠినంగా మాట్లాడుతున్నదన్న మాట మాత్రం అనవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంతకంటె ఉదారమైనవి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన శ్రమ గాని కావాలనీ, కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారంలో రెండు రోజులైనా ఉండాలనీ అవి చెబుతాయి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు సాగితేనే లెక్కలోకి వస్తుందన్న పాత నిబంధనను తీసివేసి, ఏమీ చేయకపోవడం కంటె కొంచెం చేయడం మేలన్నారు. ఇక్కడ లెక్క వారానికి అన్నది గమనించాలి. మంగళవారం తప్పిన నడకను శనివారం పూరించుకునే వెసులుబాటు అందులోనే ఉంది. ఈ పద్ధతిని అనుసరించిన వాటిలో గూగుల్ ఫిట్‌లోని హార్ట్ పాయింట్లు, ఫిట్‌బిట్‌లోని యాక్టివ్ జోన్ నిమిషాలు చెప్పుకోదగినవి. రెండూ వారానికి 150 అన్న లెక్కను దృష్టిలో పెట్టుకుని తీరిచినవే, తీవ్రమైన శ్రమకు రెట్టింపు విలువ ఇచ్చేవే. గార్మిన్ వాచీలలో అడుగుల లక్ష్యాన్ని ఆటో అన్న పద్ధతిలో పెడితే, ఈ మధ్య మనం నడిచినదాన్ని బట్టి మర్నాటి అంకె తనంతట తాను పెరుగుతుంది, తగ్గుతుంది. లక్ష్యం మనిషి స్థితిని చూసి తగ్గడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఒక వాచీని ఎంచుకోవడానికి తెర నాణ్యతకంటె ఇది బలమైన కారణం.

స్ట్రీక్, అంటే ఒక్క రోజైనా తప్పకుండా లక్ష్యం చేరిన రోజుల లెక్క, ఈ పరికరాలన్నిటిలోకీ అత్యంత ఆకర్షకమైనదీ, అత్యంత నిర్దయమైనదీ. అది పెరిగేకొద్దీ పోగొట్టుకోవలసింది కూడా పెరుగుతుంది. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు గదిలోనే అటూ ఇటూ తిరిగి అంకె నింపుకునేవారిని మనం చూస్తుంటాము. ఎలాగో ఒక రోజు అది తెగిపోతుంది. తెగిన స్ట్రీక్ వాడకందారుల నిర్ణయాలను ఎలా మారుస్తుందన్న దాని మీద జాకీ సిల్వర్‌మన్, అలిగ్జాండ్రా బరాష్ చేసిన అధ్యయనాలు 2023లో వెలువడ్డాయి. చేసిన పని అంతే ఉన్నా, వరుస తెగిందని ఎత్తి చూపినప్పుడు ఆ పనిని కొనసాగించేవారు తగ్గారు. ఇక శరీరం వైపు నుంచి చూస్తే ఒక రోజు విరామానికి ఉన్న విలువ ఎంత? ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్ల తరబడి సాధన చేసిన ఓర్పు క్రీడాకారులు శిక్షణను పూర్తిగా మానివేసినప్పుడు, మొదటి మూడు వారాలలో వారి ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం తగ్గినది సుమారు 7 శాతం. మూడు వారాల సంపూర్ణ విరామానికి శరీరం 7 శాతం కోత వేస్తుంటే, ఒక్క రోజు గైర్హాజరుకు వాచీ లెక్కను సున్నాకు దించుతుంది! ఒంటికి లేని పట్టింపు యంత్రానికి ఎందుకో అర్థం కాదు.

ఈ విషయంలో యాపిల్ వాచీ చరిత్ర ఆసక్తికరమైనది. 2015లో వచ్చిన నాటి నుంచి కదలిక, వ్యాయామం, నిలబడటం అన్న మూడు రింగులను రోజూ పూర్తి చేయడమే దాని మూలసూత్రం. విశ్రాంతి రోజుకు అందులో చోటు దొరకడానికి 2024లో దాని సాఫ్ట్‌వేర్ కొత్త రూపం వాచ్‌ఓఎస్ 11 వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఇప్పుడు ఒక రోజుకు గాని, వారానికి గాని, నెలకు గాని రింగులను ఆపి ఉంచవచ్చు, దానివల్ల స్ట్రీక్ తెగదు. వారంలో ఏ రోజుకు ఆ రోజు లక్ష్యాన్ని వేరువేరుగా పెట్టుకోవచ్చు, కాబట్టి ఆదివారాన్ని తేలిక రోజుగా ఉంచుకోవడం సాధ్యమయింది. ఆలస్యంగానైనా వచ్చిన మంచి మార్పు ఇది. ఒక్క లోటేమిటంటే ఆ సదుపాయాన్ని మనమే వెదికి పట్టుకోవాలి, జ్వరంతో పడుకున్నవారికి సెట్టింగ్స్‌లోకి వెళ్లే ఓపిక ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. ఈ కోణంలో, వేలికి తొడుక్కుంటే వాచీలాగే శరీరాన్ని గమనించే ఔరా ఉంగరం ఒక అడుగు ముందున్నది. శరీర ఉష్ణోగ్రత పెరిగినట్టు గమనిస్తే విశ్రాంతి మోడ్‌లోకి వెళ్లమని తానే సూచిస్తుంది, ఆ మోడ్‌లో ఉన్నంతకాలం కదలమని లక్ష్యాలేవీ పెట్టదు.

కొత్త తరం పరికరాలలో మరో రకం ఉంది. ఎంత శ్రమ చేశారన్నదానికంటె, ఈ రోజు ఎంత శ్రమకు సిద్ధంగా ఉన్నారన్నదాన్ని అవి చెబుతాయి. తెర అనేదే లేని వూప్ బ్యాండు రాత్రి నిద్ర, విశ్రాంతిలో గుండె వేగం, రెండు గుండె కొట్టుకోవడాల నడుమ వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు చూసి పొద్దునే ఫోన్‌లోని తన యాప్‌లో ఎరుపో, పసుపో, ఆకుపచ్చో చూపిస్తుంది. గార్మిన్‌లోని బాడీ బ్యాటరీ, ఫిట్‌బిట్‌లోని రెడీనెస్ స్కోరు దాదాపు ఇదే పని చేస్తాయి. విశ్రాంతిని కూడా శిక్షణలో భాగంగా లెక్కించడం సరైన దృష్టే, ఎందుకంటే వ్యాయామంలో అలసిన కండరం కోలుకునేది, బలపడేది ఆ తరువాతి గంటలలోనే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అలవాటైనకొద్దీ ఈ స్కోరు కూడా మరో మార్కుల పట్టీ అయి కూర్చుంటుంది. హాయిగా నిద్ర లేచిన మనిషి తెర మీద ఎరుపు చూసి నీరుగారిపోవడం, ఒళ్లు నొప్పులతో లేచిన మనిషి ఆకుపచ్చను చూసి బలవంతంగా పరుగుకు బయలుదేరడం, రెండూ జరిగేవే. క్రీడాకారుల శిక్షణ భారాన్ని గుర్తించడంలో వారు స్వయంగా చెప్పుకునే అలసట, మనఃస్థితి వంటివి, యంత్రాలతో తీసిన కొలతల కంటె సున్నితంగా, నిలకడగా పనిచేస్తాయని అన్నా సా, లువానా మెయిన్, పాల్ గాస్టిన్ కలిసి చేసిన సమీక్ష 2016లో తేల్చింది. కాబట్టి లేవగానే ముందు ఒంటిని అడిగి, తరువాతనే తెరను చూడటం మంచిది. ఆ క్రమాన్ని పాటించగలిగినవారికి ఈ స్కోర్లు ఉపయోగపడతాయి, పాటించలేనివారికి బరువవుతాయి.

నేను అన్నిటికంటె ఎక్కువగా మెచ్చినది వాచీని కాదు, జెంట్లర్ స్ట్రీక్ అనే యాప్‌ను. స్లొవేనియాకు చెందిన చిన్న బృందం తయారుచేసిన ఈ యాప్‌కు 2022లో యాపిల్ వాచీ విభాగంలో ఆ ఏటి ఉత్తమ యాప్ గౌరవం, 2024లో సామాజిక ప్రభావం విభాగంలో యాపిల్ డిజైన్ అవార్డు దక్కాయి. ఇందులో చేరుకోవలసిన గీత ఉండదు. ఈ మధ్యకాలంలో మనం చేస్తూ వచ్చిన శ్రమను బట్టి ఒక దారి గీసి ఉంటుంది, ఆ దారికి రెండు అంచులు ఉంటాయి. మరీ తక్కువ చేసినా, మరీ ఎక్కువ చేసినా మన స్థితిని చూపే చుక్క అంచు వైపు జరుగుతుంది. కొన్ని రోజులు ఆగిపోతే దారి కూడా మనతో పాటే కిందికి వంగి, అక్కడి నుంచి చేయగలిగినంత వ్యాయామాన్నే సూచిస్తుంది. జబ్బుపడ్డాననో, దెబ్బ తగిలిందనో, విరామం తీసుకుంటున్నాననో మన పరిస్థితిని దానికి చెప్పుకోవచ్చు, అప్పుడు సూచనల ధోరణి మారిపోతుంది. ఎక్కువ చేసిన రోజున "ఇవాళ్టికి చాలు" అనగలిగిన ఫిట్‌నెస్ యాప్‌లు అరుదు. తనను తాను శిక్షించుకోవడానికి పరుగెత్తేవారికి ఆ మాట ఎంత అవసరమో అనుభవించినవారికి తెలుస్తుంది. యాపిల్ పరికరాలు లేనివారు దీనిని వాడలేకపోవడం పెద్ద లోటు. పోటీలకు పద్ధతిగా సిద్ధమయ్యేవారికి కూడా ఇది చాలదు, వారికి వారాలవారీ ప్రణాళిక ఇచ్చే శిక్షకుడో, మరో యాపో కావలసి వస్తుంది.

మాటతీరులో నేను చూసిన చెడ్డ ఉదాహరణ, పరుగు సాధన చేసేవారు ఇష్టంగా కొనే ఒక రకం వాచీలోనిది. నిద్ర చాలకనో, ఎండ తీవ్రత వల్లనో గుండె వేగం కాస్త పెరిగిన వారంలో, ఆ వారమంతా చేసిన సాధనకు "నిష్ఫలం" అన్న అర్థం వచ్చే ముద్ర వేస్తుంది. కారణం చెప్పదు. అదే సమాచారాన్ని "ఈ వారం మీ శరీరం మామూలు కంటె ఎక్కువ శ్రమపడింది" అని చెప్పినా నిజం చెప్పినట్టే అయ్యేది కదా. ముద్ర మార్చడానికి కొత్త సెన్సరేమీ అక్కరలేదు, మాటలు రాసేవారికి కాస్త ఇంగితం ఉంటే చాలు.

కాలరీల విషయంలో మాత్రం ఏ కంపెనీనీ మినహాయించలేను. ఏడు రకాల మణికట్టు పరికరాలను స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గుండె వేగాన్ని ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతో కొలిచాయి, ఖర్చయిన శక్తి విషయంలో మాత్రం అన్నిటికంటె మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటె వెనుకబడినది 93 శాతం తప్పింది. ఆ తరువాత పరికరాలు మారాయి, ఆ అంకెలను నేటి వాచీలకు యథాతథంగా అంటగట్టలేము. అయినా మణికట్టు మీది కాంతి సెన్సరు, కదలికల సెన్సరు కలిసి చేసేది అంచనాయే తప్ప కొలత కాదన్నది మారలేదు. ఇంత అనుమానం ఉన్న అంకెను పట్టుకుని, తిన్నదానికి పరిహారంగా ఇంకో అరగంట పరుగెత్తేవారు ఉన్నారు. తెర మీద నుంచి కాలరీలను తీసివేసే వీలుంటే మొదటి రోజే తీసివేయమని నా సలహా. బరువు తగ్గడం కోసమే వాచీ కొనదలచినవారు మరో సంగతి తెలుసుకోవాలి: 471 మంది యువతీయువకులతో రెండేళ్లు నడిచి 2016లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో, పరికరం ధరించినవారు సగటున 3.5 కిలోలు తగ్గితే, పరికరం లేకుండా మామూలు పద్ధతులు పాటించినవారు 5.9 కిలోలు తగ్గారు.

అంతమాత్రాన ఇవి పనికిరానివని అనడం అన్యాయం. పాత అధ్యయన సమీక్షలన్నిటినీ కలిపి చూసి 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో వచ్చిన విశ్లేషణ, ఇలాంటి పరికరాలు ధరించినవారు రోజుకు సుమారు 1,800 అడుగులు అదనంగా నడుస్తున్నారని తేల్చింది. స్ట్రీక్ చూసుకుని ఉత్సాహపడేవారూ, తెగితే నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టేవారూ ఉన్నారు. వారికి ఈ సమీక్షతో పెద్దగా పనిలేదు.

పరికరం అందరి శరీరాలనూ గుర్తించగలుగుతున్నదా అన్నది కూడా స్వీయకరుణకు సంబంధించినదే, ఎందుకంటే తనలాంటివారు లెక్కలోనే లేరనిపించినప్పుడు మనిషి తననే తప్పుపట్టుకుంటాడు. యాపిల్ వాచీ 2016 నుంచి చక్రాల కుర్చీ వాడేవారికి అడుగులకు బదులు చేతులతో నెట్టిన నెట్టుళ్లను లెక్కిస్తుంది, నిలబడమన్న హెచ్చరికను వారి కోసం మార్చింది. ఇలాంటి ఏర్పాటు ఇంకా చాలా బ్యాండ్లలో కనబడదు. శ్రమపడిన తరువాత లక్షణాలు ముదిరే దీర్ఘకాలిక అలసట వ్యాధి ఉన్నవారు వాచీని పూర్తిగా తలకిందుల ప్రయోజనానికి వాడతారు. ఎంతకు మించి కదలకూడదో గుండె వేగాన్ని బట్టి తెలుసుకోవడం వారి అవసరం. అలాంటివారికి గుండె వేగం ఫలానా అంకె దాటగానే హెచ్చరించే సదుపాయం ఉన్న వాచీ కావాలి, "ఇంకొంచెం కదలండి" అనే నోటిఫికేషన్లను పూర్తిగా ఆపివేయగలగాలి. తిండి విషయంలో, వ్యాయామం విషయంలో తీవ్రమైన మానసిక వేదనకు చికిత్స పొందుతున్నవారు, లేదా గతంలో పొందినవారు, తమ వైద్యులతో మాట్లాడకుండా ఇలాంటి ఏ పరికరాన్నీ కొనవద్దని గట్టిగా చెబుతాను.

ఇతరులతో పోల్చి చూపే పట్టికల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వ్యాయామాలను నలుగురితో పంచుకునే స్ట్రావా యాప్‌లో మన వ్యాయామాన్ని మనకు మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు, చాలా యాప్‌లలో స్నేహితుల పోటీ నుంచి వైదొలగవచ్చు. మొదటి నెల అలా ఒంటరిగా సాగించి, ఆ తరువాత కావాలనిపిస్తే తలుపు తెరవడం మేలు.

ఇక ఎంపిక విషయానికి వస్తే, కొత్తగా మొదలుపెట్టేవారికీ, మధ్యలో ఆపి తిరిగి వస్తున్నవారికీ నేను వారపు లెక్క ఉన్న పరికరాన్ని, దానిలోనూ లక్ష్యం తనంతట తాను తగ్గగలిగిన దాన్ని సూచిస్తాను. యాపిల్ వాచీ ఇప్పటికే ఉన్నవారు కొత్తది కొననక్కరలేదు, వారంలో ఒకటి రెండు రోజుల లక్ష్యాలను తగ్గించుకుని, పక్కన జెంట్లర్ స్ట్రీక్‌ను పెట్టుకుంటే చాలు. తరచూ జబ్బుపడేవారికి, నిద్ర చాలనివారికి ఉంగరం నయం, అది మణికట్టు మీద అదేపనిగా కనబడుతూ ఉండదు. ఏది కొన్నా లక్ష్యాన్ని మొదటి రెండు వారాలు మామూలుగా మీరు నడిచే సగటుకంటె కొద్దిగా మాత్రమే పైన ఉంచండి. కదలమనే హెచ్చరికలను రోజుకు ఒకటి రెండుకు కుదించండి. దుకాణం వాపసు తీసుకునే గడువు ముగియకముందే, కావాలని రెండు రోజులు వ్యాయామం మాని, మూడో రోజు పొద్దున ఆ వాచీ పంపే సందేశాలను నిదానంగా చదవండి. వాటిని చదివాక బూట్లు వేసుకోబుద్ధి అయితే ఉంచుకోండి, వాచీ తీసి సొరుగులో పడెయ్యబుద్ధి అయితే బిల్లుతో సహా తిరిగి ఇచ్చివేయండి.